పది కిలోలు

విఠల్‌ది బోధన్ దగ్గర ఒక పల్లె. రెండు వేల ఏడులో వంటల కోర్సు పేరు మీద స్టూడెంట్ వీసాతో సిడ్నీ వచ్చాడు. పొద్దున క్లాసులో ఉల్లిగడ్డలు సన్నగా తరగడం నేర్చుకునేవాడు. సాయంత్రం పెండిల్ హిల్‌లో ఒక హోటల్ వెనక గదిలో అవే ఉల్లిగడ్డలు బస్తాలకొద్దీ తరిగేవాడు. పర్మనెంట్ రెసిడెన్సీ చేతికొచ్చిన నెలలోనే గరిటె వదిలేసి బస్సు లైసెన్సు తీసుకున్నాడు. అప్పటినుంచీ అదే పని. భార్య వైశాలి ముసలివాళ్లను చూసుకునే ఒక ఆశ్రమంలో నర్సు. ఒకరు ఇంటికొచ్చేసరికి ఇంకొకరు డ్యూటీకి బయల్దేరుతూ, అట్లాగే స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఒక్కడే కొడుకు, దీక్షిత్. ఇక్కడే పుట్టాడు.

ఇన్నేళ్లలో విఠల్ పేరుతో ఈ ఊళ్లో ఎవరికీ పని పడలేదు. బస్సెక్కేవాళ్లు 'మేట్' అంటారు, దిగేవాళ్లు 'థాంక్యూ డ్రైవర్' అంటారు. డిపోలో నోరు తిరగక 'విక్' అని పెట్టుకున్నారు. తెలుగువాళ్ల పుట్టినరోజు విందులకు వెళ్తే, "ఏ కంపెనీ అన్నా?" అని అడిగేవాళ్లు. బస్సు నడుపుతానని చెప్పగానే, "మంచిగుంటది కదన్నా, టెన్షన్ ఉండది" అని ప్లేటు పట్టుకొని మెల్లగా పక్క గుంపులోకి జరిగేవాళ్లు. ఎవరూ అవమానించింది లేదు. కానీ ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కారులో అతను మాట్లాడేవాడు కాదు. వైశాలి అడిగేది కూడా కాదు.

ఆ మనిషికి ఒక పేరు తెచ్చిపెట్టింది కొడుకు ఆట.

సిడ్నీ పడమటి పేటల్లో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రటి బంతి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకొని, ఎదురొచ్చేవాళ్లను గుద్దుకుంటూ, తప్పించుకుంటూ గీత దాకా పరుగెత్తే ఆట. ఫుటీ అంటారు. ఆరేళ్ల వయసులో పక్కింటి పిల్లలతో పాటు దీక్షిత్ కూడా పార్కులో క్లబ్బుకు వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లోనే బంతి దొరకబుచ్చుకొని, ఒక్కడికీ చిక్కకుండా, నవ్వుకుంటూ, సొంత జట్టు గీత వైపే పరుగెత్తాడు. గ్రౌండంతా ఒకటే నవ్వు. ఒక పెద్దాయన వచ్చి విఠల్ భుజం తట్టి, "దిక్కు తర్వాత నేర్పించవచ్చు, ఆ కాళ్ల వేగాన్ని ఎవరూ నేర్పలేరు" అన్నాడు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు శనివారం పొద్దులు పండగలే. దీక్షిత్ పేరు పలకలేక పిల్లలు 'డిక్సీ' అన్నారు. విఠల్ 'డిక్సీ డాడ్' అయ్యాడు. గ్రౌండు గీత పక్కన నిలబడితే నలుగురు పలకరించేవాళ్లు. నారింజలు కోసి డబ్బాలో తెచ్చేవాడు, మ్యాచ్ అయ్యాక బార్బెక్యూ దగ్గర మాంసం సాసేజీలు తిప్పేవాడు. తను తినకపోయినా అతని చేతి కాల్పు బాగుంటుందని క్లబ్బంతా పేరు. చేతిలో పటకారు, పక్కన నలుగురు, గ్రౌండులో కొడుకు. ఈ దేశంలో అంతకన్నా మంచి రోజులు విఠల్ చూడలేదు.

పద్నాలుగో ఏడు వచ్చేసరికి లెక్క మారింది. జట్టులో మిగతా పిల్లలు ఒక్క సెలవుల్లోనే పెరిగిపోయారు. టోంగా, సమోవా కుటుంబాల పిల్లలు కొందరు పదిహేనేళ్లకే గుమ్మం నిండేలా ఉన్నారు. దీక్షిత్ మాత్రం సన్నగా, పొట్టిగా అట్లాగే ఉండిపోయాడు. కాళ్లలో వేగం తగ్గలేదు. కానీ ఒకసారి పట్టుబడితే లేవడానికి టైం పట్టేది. బెంచి మీద కూర్చోవడం మొదలైంది. గీత పక్కన పలకరింపులు కూడా తగ్గాయి. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరి పిల్లాడి కేకల్లో వాళ్లున్నారు. విఠల్‌కు మాత్రం మళ్లీ ఆ పుట్టినరోజు విందుల్లో నిలబడ్డట్టే అనిపించింది.

స్కూలు కోచ్ పేరు టేవిటా. కొండలాంటి మనిషి, గొంతు మాత్రం మెత్తన. దీక్షిత్‌కు పదిహేను నిండిన ఏడు, జూన్ చలికాలంలో ఒక ప్రాక్టీసు తర్వాత విఠల్ ఆయన్ని ఆపి, జిల్లా జట్టు సెలక్షన్ సంగతి అడిగాడు.

"మీవాడిలో గుండె ఉంది. ఒళ్లే లేదు. రెండేళ్లు ఆగండి, తొందరేం లేదు. ఒక పది కిలోలు పెరిగితే ఈ పిల్లాణ్ణి ఆపేవాడుండడు" అన్నాడు టేవిటా.

చెప్పిన మాటల్లో రెండేళ్లు ఆగమన్నదీ ఉంది, తొందర లేదన్నదీ ఉంది. విఠల్ చెవిన పడ్డది మాత్రం పది కిలోలు.

మర్నాటి నుంచి ఇల్లు జిమ్ అయింది. పొద్దునే ఆరు గుడ్లు. గ్యారేజీలోని కారు బయటపెట్టి ఇనుప బరువులు లోపలపెట్టారు. బాత్రూంలో తూకం మిషను, ఫ్రిజ్ మీద కాగితం. రోజూ పళ్లు తోముకోగానే దీక్షిత్ మిషను ఎక్కాలి, విఠల్ వంగి అంకె చూసి రాయాలి. యాభై ఎనిమిది. యాభై ఎనిమిదిన్నర. యాభై ఎనిమిది.

"రాత్రి అన్నం పారేసినవా?"

"నో, డాడ్."

"మరి ఎందుకు తగ్గినవ్?"

వైశాలి ఒకసారి ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేసింది. "పొల్లగాన్ని మేకపోతును జోకినట్టు జోకుతున్నవ్. వాడు పెరిగేటప్పుడు పెరుగుతడు" అంది.

"నీకు ఆట సంగతి తెల్వదు" అని విఠల్ ఇంకో కాగితం అంటించాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, జిమ్ ముందు కారులో కూర్చొని కొడుకు కోసం చూస్తున్నాడు విఠల్. దీక్షిత్ వచ్చి బ్యాగు వెనక సీట్లో పడేసి, వాటర్ బాటిల్ మర్చిపోయానని మళ్లీ లోపలికి పరుగెత్తాడు. బ్యాగు జిప్పు తెరిచి ఉంది. చెమట బట్టలు సీటు మీద పడుతుంటే విఠల్ వాటిని లోపలికి తోశాడు. ఒక మేజోడులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే వేలంత గాజు సీసా, నూనెలాంటి మందు, విప్పని సిరంజీలు రెండు.

దీక్షిత్ తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. తండ్రి చేతిలో సీసా చూసి బిగుసుకుపోయాడు.

"ఏందిరా ఇది?"

"డాడ్, ప్లీజ్. డోంట్ టెల్ మమ్."

"ఏందని అడుగుతున్న."

"ఇట్స్ ఫర్ సైజ్. జిమ్‌లో ఒక గై ఇచ్చాడు. ఐ హావెంట్ యూజ్డ్ ఇట్, ఐ స్వేర్. నీడిల్ చూస్తే... ఐ గాట్ స్కేర్డ్." పూర్తి తెలుగులో మాట్లాడి ఎన్నాళ్లో అయిన పిల్లాడు, తడుముకుంటూ తెలుగులో అన్నాడు: "నువ్వే కదా, పది కిలోలు కావాలన్నవ్."

కారుకు ఎదురుగా, గోడవారన చెత్తడబ్బా ఉంది. పది అడుగుల దూరం. దిగి అందులో పడేసి వస్తే అయిపోయేది. పిల్లాడు భయపడ్డాడు. భయపడ్డవాణ్ణి దగ్గరకు తీసుకుంటే చాలు, ఏడ్చేవాడు, అక్కడితో ముగిసేది. తర్వాత విఠల్‌కు ఆ డబ్బా రంగు కూడా గుర్తుండిపోయింది. ఎర్ర మూత.

కానీ అతను సీసాను వెలుగుకు పట్టి దాని మీద రాసిందంతా చదివాడు. చదివి, "ఇది అసలుదేనా, దొంగ మాలా?" అని అడిగాడు.

దీక్షిత్ తండ్రి ముఖంలోకి చూశాడు. తిడతాడని ఎదురుచూసిన పిల్లాడికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఊకె దాచిపెట్టి, మురికి చేతులతోని నువ్వు జేసుకోవద్దు. నేను జూస్త. నాకు తెల్వకుంట ఏం జెయ్యొద్దు. సమజైందా?" అన్నాడు విఠల్.

ఆ మాట అంటున్నప్పుడు తను కొడుకును కాపాడుతున్నాననే అనుకున్నాడు. బయట ఎవడి చేతుల్లోనో పడేకంటే తండ్రి చేతుల్లో జరగడం నయం కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. సీసా ఇచ్చిన జిమ్ మనిషిని వెళ్లి కలిశాడు కూడా. మర్యాదస్తుడు. సార్ అని పిలిచాడు. దగ్గరుండి చూసుకుంటే ఏమీ కాదన్నాడు, సగంమంది పిల్లలు వాడుతూనే ఉన్నారన్నాడు. విఠల్‌కు కావలసింది కూడా అదే మాట.

ఇంజెక్షన్ ఇవ్వడం రాదు. ఆ ఆదివారం వంటింట్లో వైశాలి చపాతీలు చేస్తుంటే పక్కన నిలబడి, "ముసలోళ్లు కదులుతుంటరు గదా, మీరు సూది ఎట్ల ఇస్తరు?" అని అడిగాడు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె పని గురించి అతను అడగడం అదే మొదలు. వైశాలి ముఖం విచ్చుకుంది. పిండి చేతులతోనే తన నడుము పక్కన చూపించి, ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ ఇస్తే నరానికి తగులుతుందో, ముందు మాటల్లో పెట్టి ఎట్లా మరిపించాలో అంతా చెప్పింది. "నువ్వు నర్సింగ్ చేస్తవా ఏంది?" అని నవ్వింది. విఠల్ కూడా నవ్వాడు.

వారానికొక రోజు, ఆమె డ్యూటీకి వెళ్లిన పూట, గ్యారేజీలో. దీక్షిత్ బెంచీ మీద బోర్లా పడుకొని పళ్లు బిగపట్టేవాడు. విఠల్ స్కూలు గురించి, మ్యాచ్ గురించి ఏదో ఒకటి మాట్లాడుతూ సూది దించేవాడు.

కాగితం మీద అంకెలు కదిలాయి. అరవై రెండు. అరవై అయిదు. నవంబరు సెలక్షన్ నాటికి అరవై తొమ్మిది. దీక్షిత్ మెడ లావయింది, గొంతు బొంగురుపోయింది. జిల్లా జట్టులో వాడి పేరు చదివినప్పుడు విఠల్ రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. పక్కనున్న తండ్రులు వచ్చి చేతులు కలిపారు. "ఏం తినిపించావు మేట్?" అని ఒకతను నవ్వుతూ అడిగితే, "గుడ్లు" అన్నాడు.

ఫిబ్రవరిలో జిల్లా జట్టు సీజన్ మొదలైంది. గీత పక్కన మళ్లీ చోటు దొరికింది. కానీ గ్రౌండులో ఉన్నది ఆ పాత పిల్లాడు కాదు. నవ్వుతూ తప్పించుకుపోయేవాడు ఇప్పుడు మీదికి పోయి గుద్దేవాడు. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు పిల్లాడి భుజం ఎముక విరిగింది. ఆ పిల్లాడి తల్లి ఏడుస్తుంటే దీక్షిత్ ముఖంలో ఏమీ లేదు. ఇంట్లో అన్నం ఆలస్యమైందని గోడకు ఒక్క గుద్దు గుద్దితే పిడికిలంత బొక్క పడింది. వీపు నిండా చీము మొటిమలు. చన్నుల కింద గడ్డల్లా లేచి, ముట్టుకుంటే నొప్పి. అందరి ముందూ చొక్కా విప్పడం మానేశాడు.

"డాడ్, కెన్ వీ స్టాప్?" అని ఏప్రిల్‌లో అడిగాడు.

"సీజన్ అయిపోనీ" అన్నాడు విఠల్. సీజన్ అయిపోయింది. "స్కూల్ మ్యాచ్‌లు అయిపోనీ" అన్నాడు.

జూన్‌లో స్కూలు మ్యాచ్. ఎవరూ తాకలేదు. బంతి పట్టుకొని పక్కకు తిరగబోయిన దీక్షిత్ ఎడమ కాలు మడతపడి కూలిపోయాడు. తాడు తెగినట్టు చప్పుడైందని పక్కన పరుగెత్తుతున్న పిల్లాడు తర్వాత చెప్పాడు. మోకాలి చిప్ప తొడ మీదికి ఎగబాకి ఉంది. చిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే పట్టీ పూర్తిగా తెగిపోయింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితం పట్టుకొని గదిలోకి వచ్చింది. పదహారేళ్ల పిల్లలకు ఈ పట్టీ ఊరికే తెగదని, కండ ఒక్కసారిగా పెరిగితే పట్టీ దానితో సమానంగా పెరగదని చెప్పింది. లివర్ కూడా దెబ్బతిన్నట్టుంది అంది. ఏం వాడావని దీక్షిత్‌ను అడిగింది. మంచం అటుపక్క వైశాలి, ఇటుపక్క విఠల్.

దీక్షిత్ పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. స్టెరాయిడ్ అన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నానన్నాడు. "మమ్ అండ్ డాడ్ డిడ్న్ట్ నో."

వైశాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విఠల్ మంచం అంచును పట్టుకొని నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆగి చెబుదామనుకున్నాడు. ఆ క్షణం గడిచిపోయింది, దాని తర్వాతిది ఇంకా కష్టమైంది.

సంగతి స్కూలుకు తెలిసింది. మరుసటి వారం అక్కడ మీటింగు. ప్రిన్సిపాల్, టేవిటా, ముగ్గురు ఇంటివాళ్లు. దీక్షిత్ కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో ఉన్నాడు. జిల్లా జట్టు నుంచి తీసేశారని, ఆటనుంచి నిషేధం ఉంటుందని చెప్పారు. వాడు తల ఊపాడు. అంతా అయ్యాక ప్రిన్సిపాల్ లేచి వచ్చి విఠల్ చెయ్యి పట్టుకొని, తండ్రిగా మీకెంత కష్టంగా ఉందో ఊహించగలనంది. విఠల్ థాంక్యూ అన్నాడు. టేవిటా మాత్రం అతని వైపు చూడలేదు. కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాడు.

వైశాలి సెలవు పెట్టి కొడుకుకు ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం చేస్తోంది. మీటింగు తర్వాత రెండో రోజో మూడో రోజో పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు, నడుము కింద రెండువైపులా గట్టిగా, చర్మం లోపల గోలీల్లాంటి గడ్డలు తగిలాయి. సూది గుర్తులు. చూసింది. ఇరవై ఏళ్లుగా సూదులు ఇస్తున్న చేతులు ఆమెవి. రెండువైపులా ఒకే చోట, సరిగ్గా ఇవ్వవలసిన చోట, ఒక్కటీ పక్కకు పోలేదు.

"నువ్వే ఇచ్చుకున్నవా?"

"యా."

"ఎట్ల ఇచ్చుకున్నవ్? చూపించు."

దీక్షిత్ సూది పట్టినట్టు కుడి చెయ్యి వెనక్కి తీసుకెళ్లాడు. ఎడమవైపుకు అందలేదు. గోడవైపు తిరిగి దుప్పటి లాక్కున్నాడు.

విఠల్ డ్యూటీ దిగి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చాడు. వైశాలి గ్యారేజీలో ఆ బెంచీ మీద కూర్చొని ఉంది.

"ఆ దినం వంటింట్ల నన్నెందుకు అడిగినవ్, సూది ఎట్ల ఇస్తరని?"

విఠల్ తాళాలు చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు.

"నేను ఎంత సంబరపడి చెప్పిన" అంది. "పిండి చేతులతోని చూపించిన. నా కొడుక్కే ఇస్తవని తెల్వదు."

"వాడు ఎట్లయినా చేసుకునేటోడు, వైశాలీ. నేను దగ్గరుంటే..."

"వాడు చేసుకోలే. భయపడ్డడు. నాకు చెప్పిండు, ఇప్పుడే, ఏడ్సుకుంట చెప్పిండు. ఆ సీసా పారేస్తవనుకున్నడట." ఆమె గొంతు పెంచలేదు. "స్కూల్ల ఆ మేడం నీ చెయ్యి పట్టుకొని బాధపడ్డది. నువ్వు థాంక్యూ అన్నవ్. పొల్లగాడు నీ పక్కనే కూసున్నడు. వాని ముంగటనే అన్నవ్."

విఠల్ బరువుల పక్కన నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్లలేదు. ఒక్కడే స్కూలుకు వెళ్లి, ప్రిన్సిపాల్ గదిలో నిలబడే చెప్పాడు. ఎవరు ఇచ్చారో, ఎన్నాళ్లిచ్చారో, ఎక్కడ ఇచ్చారో. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకొని కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. ఈసారి అతని మీద జాలితో ఒక్క మాట కూడా అనలేదు. ఇది పిల్లల రక్షణ శాఖకు తెలియజేయక తప్పదని చెప్పింది.

శాఖ మనిషి ఇంటికి వచ్చింది. గ్యారేజీ చూసింది, సొరుగులు తెరిచింది, దీక్షిత్‌తో తలుపు మూసి గంటసేపు మాట్లాడింది. పోలీసులు జిమ్ మనిషి గురించి అడిగారు. క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది, విఠల్ గ్రౌండులో కాలు పెట్టకూడదని. అందులో అతని పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి ఉంది.

దీక్షిత్ చేతి ఎముకల ఎక్స్‌రే తీశారు. ఆ మందు వల్ల ఎముకలు ముందే ముదిరిపోయాయని, ఇక ఎత్తు పెరగడం ఉండదని చెప్పారు. మందు ఆపాక ఒళ్లు సొంతంగా తయారుచేసుకోవలసిన మగ హార్మోను చేసుకోవడం లేదు. పెంచిన కండ కరిగిపోతోంది. గదిలో పగలంతా తెర వేసుకొని పడుకుంటాడు. స్నేహితులు వచ్చి తలుపు కొట్టినా తియ్యడు. ఇప్పుడు కోపం కూడా లేదు వాడిలో. గోడకు గుద్దినవాడే నయమనిపించేంత నిశ్శబ్దం. వైశాలి వాడి గదిలోనే నేల మీద పరుపు వేసుకొని పడుకుంటోంది. విఠల్‌తో అవసరమైనవి మాట్లాడుతుంది. పాలు తెమ్మంటుంది, కరెంటు మనిషి వస్తాడని చెబుతుంది.

విఠల్ శనివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నాడు. ఒకరోజు టూంగాబీ స్టేషన్ దగ్గర పాత జట్టు పిల్లలు నలుగురు బస్సెక్కారు. ముగ్గురు తల దించుకొని వెనక్కి పోయారు. నాలుగోవాడు ఆగి, డిక్సీ ఎట్లా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడని చెప్పాడు విఠల్. ఆ పిల్లాడు ఇంకా ఏదో అడగాలని నిలబడ్డాడు గానీ, వెనక జనం తోస్తుంటే లోపలికి వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో హార్మోన్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ పడింది. వైశాలికి సెలవు దొరకలేదు. "నువ్వే తీస్కపో" అంది. దీక్షిత్ కుంటుతూ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. విఠల్ రెండుసార్లు అద్దంలో చూసి, రెండుసార్లూ చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

క్లినిక్‌లో నర్సు దీక్షిత్ పేరు పిలిచింది. విఠల్ కూడా లేచాడు.

"యూ వెయిట్ హియర్" అన్నాడు దీక్షిత్. అరిచి కాదు. బస్సులో ఎవరో తెలియనివాళ్లతో మాట్లాడినట్టు.

తలుపు మూసుకుంది. విఠల్ కుర్చీలో కూర్చున్నాడు. లోపల నుంచి డాక్టరు గొంతు, మధ్య మధ్య కొడుకు బొంగురు గొంతు వినపడుతున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. ఒకసారి ఏడ్చినట్టు అనిపించింది. లేచి తలుపు దాకా వెళ్లాడు. పిడి మీద చెయ్యి వేసి, తీసేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ముప్పావు గంట తర్వాత దీక్షిత్ బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మడిచిన కాగితం.

"డాక్టర్ ఏమన్నది?"

దీక్షిత్ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. "ఐ'ల్ టెల్ మమ్" అని, గోడ పట్టుకొని మెల్లగా లిఫ్టు వైపు నడిచాడు. విఠల్ నాలుగడుగులు వెనక నడిచాడు.